పడని ఆహారము - మన యువజనులు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములనుండి వ్యయప్రయాసల కోర్చి విచ్చేసిన మీ యెదుట మాటలాడు అవకాశమును నాకు కలిగించినందులకు ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞుడను. ఇట్టి సభలయందు విద్య, వివాహము, వసతిగృహము, విద్యార్థివేతనములు మున్నగునవి చర్చకు వచ్చుట వాడుక. నేడు నేను విన్నవింపబోవునది పైకి మిక్కిలి చిన్నవిషయముగా తోచును. అది మన విస్తరిలోని విషయము. కాని ఒక్కొక్కయెడ అర్ధగంటలో నిండుప్రాణమును తీయగల విషయమగుటచేతను, దానికి బలియగువారిలో యువజనులే అధికులగుటచేతను, మీ ముందుంచుటకు సాహసించితిని.

మన భాషలో "పడదు" అను మాట యొకటి కలదు. ఒకడు తనకు వంకాయ పడదనును. రుచింపదని వాని భావము. వేరొకరు తమకు పాలు పడవందురు. త్రాగినచో కడుపు ఉబ్బరించునని వారి భావము. ఇంకొక బిడ్డ తనకు పల్లీలు పడవనును. తిన్న కొలది నిమిషములకే ఒళ్లంతయు దద్దుర్లు లేచి, గొంతు బిగిసి, ఊపిరి ఆడదని ఆ బిడ్డ భావము. మూడు సంగతులకును మాట ఒక్కటే. కావున వినువారు మూడింటిని ఒకే త్రాసున తూచుదురు. "ఒక్క ముద్దకేమైతది బిడ్డా, తిను" అని బలవంతపెట్టుదురు. మొదటివానికి ఆ ముద్దవలన కలుగు నష్టమేమియు లేదు. రెండవవానికి ఒక పూట బాధ. మూడవవానికి అదియే కడపటి ముద్ద కావచ్చును. ఈ మూడవ "పడదు"నే వైద్యులు ఆహారపు అలర్జీ యందురు.

దీని స్వభావమును క్లుప్తముగా చెప్పెదను. మన దేహమునకు రోగక్రిములనుండి కాపాడుకొను రక్షణశక్తి కలదు. కొందరిలో ఆ శక్తి, పొరబడిన కావలివాడు ఇంటి చుట్టమును దొంగయని కొట్టినట్లు, నిరపాయమైన ఆహారములోని మాంసకృత్తును శత్రువుగా భావించి దానిపై విరుచుకొనిపడును. 1902లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులైన షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనువారు ఇట్టి తీవ్రప్రకోపమును గుర్తించి "అనఫిలాక్సిస్" అని పేరిడిరి. ఇందులకై రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. 1906లో వియన్నా నగర వైద్యుడు వాన్ పిర్కే "అలర్జీ" అను పదమును కల్పించెను. 1966లో ఇషిజాక దంపతులు ఈ ప్రకోపమునకు మూలమైన ఐజీఈ అను పదార్థమును రక్తమునందు కనుగొనిరి. కావున ఇది గాలి సోకుట కాదు, దిష్టి కాదు, బిడ్డ మారాము అంతకంటెను కాదు. పరీక్షలకు అందిన దేహధర్మము.

"మా తాతలనాడు ఇట్టివి కలవా?" అని పెద్దలు ప్రశ్నింతురు. పేరు తెలియనంతమాత్రమున వ్యాధి లేదనుటకు వీలులేదు. అయినను లేని భయమును పెంచుట నా యుద్దేశము కాదు. మన పొరుగున నున్న కర్ణాటకరాష్ట్రమున వయోజనులపై జరిగిన యొక పెద్దపరిశీలన 2016లో ప్రకటింపబడినది. రక్తపరీక్షలో ఏదో యొక ఆహారమునకు ప్రతిక్రియ చూపినవారు నూటికి ఇరువదియారుగురకు పైబడిరి. కాని నిజముగా ఆహారపు అలర్జీ యున్నదని తలపదగినవారు నూటికి ఒకరికంటె కొంచెము ఎక్కువమంది మాత్రమే. ఈ లెక్కను మన జిల్లాలకు ఉన్నదున్నట్లు అన్వయింపరాదు. అయినను రెండు సంగతులు దీనివలన తేటపడుచున్నవి. మొదటిది, ఈ వ్యాధి అరుదు; కాని వేయిమంది కూర్చుండిన పంక్తిలో పదిమంది యుండదగినంత అరుదు. రెండవది, రక్తపరీక్ష కాగితముపై గీత పెరిగినంతమాత్రమున వ్యాధి యున్నట్లు కాదు. ఈ రెండవసంగతికి మరల వత్తును.

ఇక మన ప్రాంతపు తిండిని గూర్చి యోచింపుడు. పాలమూరు నేలలలో వేరుసెనగ ప్రధానమైన పంట. మన ఇండ్లలో పల్లీలు లేని దినము లేదు. ఉదయము ఇడ్లీదోసెలకు పల్లీచట్నీ. మధ్యాహ్నము కూరలో పల్లీపొడి. బిడ్డల చేతికి పల్లీపట్టి. దేవాలయమున ప్రసాదముగా నొసగు పులిహోరలో పల్లీలు. నువ్వులును అట్టివే. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టె, సకినాలు, నువ్వులుండలు, పచ్చిపులుసులో నువ్వులపొడి. హైదరాబాదు బిరియానీకి తోడుగా వచ్చు మిర్చీసాలనులో పల్లీలు, నువ్వులు రెండును నూరి కలుపుదురు. కృష్ణాతుంగభద్రల నడుమను, ప్రక్కలను నివసించు మనకు చేపలును, రొయ్యలును నిత్యపరిచితములే. ఈ వస్తువులలో అనేకము కంటికి కనబడవు. పులుసులో కలిసిపోయిన పొడిని ఏ చూపు పట్టుకొనగలదు?

నూనెను గూర్చి యొకమాట. బాగుగా శుద్ధిచేసిన రిఫైండు పల్లీనూనెలో మాంసకృత్తు మిగులుట మిక్కిలి స్వల్పము. గానుగలో ఆడించిన నూనెలో మాత్రము అది మిగిలియుండును. ఆరోగ్యమునకు మేలని గానుగనూనెను తిరిగి ఆదరించుచున్న యీ దినములలో, పల్లీలు పడనివారు ఈ భేదమును గుర్తుంచుకొనవలయును. అట్లే పల్లీలను వేయించుటవలన వాని అలర్జీశక్తి నశించునను నమ్మకము సరికాదు. వేయించుటచే అది హెచ్చునని పరిశోధనలు చెప్పుచున్నవి.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. ఇది బాల్యమునందును కలుగు వ్యాధియే కదా, యువజనులనే ఏల పేర్కొనుచున్నానని మీరు అడుగవచ్చును. అమెరికాలో ఆహారపు అలర్జీచే మరణించిన 32 మందిని గూర్చిన పరిశీలన యొకటి 2001లో ప్రకటింపబడెను. వారిలో ఎక్కువమంది కౌమారులు, యువకులు. అత్యధికసంఖ్యాకులకు ప్రాణాంతకమైన వస్తువు పల్లీయో, బాదము జీడిపప్పు వంటి గింజయో. తమకు ఆ వ్యాధి కలదని వారిలో దాదాపందరికిని ముందే తెలియును. అయినను సమయమునకు మందు వారిచెంత లేకుండెను. తెలియక కాదు, తెలిసియు జాగ్రత్తపడకపోవుటచేతనే ఆ ప్రాణములు పోయినవి.

దీనికి కారణము మన యిండ్లలోనే కనబడును. బిడ్డ చిన్నవయసులో నున్నంతకాలము జ్ఞాపకము తల్లిది. ఏది వడ్డింపవలయునో, ఏది వడ్డింపరాదో ఆమె కంఠస్థము చేసికొనియుండును. పదునెనిమిదేండ్లు నిండగనే ఆ బిడ్డ పెట్టెబేడా సర్దుకొని హైదరాబాదునకో, కర్నూలునకో చదువునకు పోవును. తల్లి పెట్టెలో పచ్చడిజాడీలు సర్దునేగాని, తన జ్ఞాపకమును సర్దజాలదు. వసతిగృహపు వంటవానికి ఏమియు తెలియదు. క్రొత్తస్నేహితుల నడుమ "నాకిది పడదు" అనుటకు వానికి సిగ్గు. ఎగతాళి చేయుదురను భయము. పదిసార్లు ఏమియు కాకపోయినచో పదునొకండవసారి ధైర్యము వచ్చును. పరుగుపందెము, మద్యము, కొన్ని నొప్పిమాత్రలు ప్రకోపమును తీవ్రతరము చేయునను సంగతి వాడు ఎరుగడు. వానికి ఉబ్బసము కూడ నుండి, దానికి సరియైన చికిత్స లేకపోయినచో అపాయము మరింత హెచ్చును.

అట్టి యువకుడు చికిత్సకై ఎక్కడికి పోవుచున్నాడు? దద్దుర్లు లేచినప్పుడు మందులదుకాణమునకు పోయి సెటిరిజిన్ మాత్ర కొని మ్రింగును. దద్దుర్లు తగ్గును, వ్యాధి తగ్గినదని భ్రమించును. ఆ మాత్ర దురదను తగ్గించునేగాని, బిగిసిన గొంతును విప్పజాలదు, పడిపోవుచున్న రక్తపుపోటును నిలుపజాలదు. మరికొందరు దీనికి విరుద్ధముగా, నూరు వస్తువుల పట్టికతో కూడిన ఖరీదైన రక్తపరీక్షలు చేయించుకొని, గీత పెరిగిన ప్రతి వస్తువును మానివేసి, చిక్కి శల్యమగుదురు. ఇందాక చెప్పిన కర్ణాటక లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పరీక్షలో కనబడినవారు నూటికి ఇరువదియారుగురు. వ్యాధి గలవారు నూటికి ఒక్కరు. ఐజీజీ పేరిట చేయు పరీక్షలైతే ఆహారపు అలర్జీని నిర్ణయించుటకు పనికిరావని నిపుణుల సంఘములు స్పష్టముగా చెప్పియున్నవి.

సరియైన మార్గమిది. మొదట, ఏమి తిన్నపుడు, ఎంత తిన్నపుడు, ఎన్ని నిమిషములకు, ఏ లక్షణములు కలిగెనో ఒక చిన్నపుస్తకమున వ్రాసికొనవలయును. సామాన్యముగా ఈ లక్షణములు కొలది నిమిషములు మొదలు రెండు గంటలలోపల కనబడును. ఆ పుస్తకముతో అలర్జీవ్యాధులయందు అనుభవముగల వైద్యుని చూడవలయును. అతడు ఆ చరిత్రను విని, అవసరమైన నాలుగైదు వస్తువులకు మాత్రమే చర్మముపై చుక్క వేసి సన్నని సూదితో గ్రుచ్చిచూచు పరీక్షయో, ఐజీఈ రక్తపరీక్షయో చేయించును. సందేహము మిగిలినచో ఆసుపత్రిలో తన కన్నులయెదుట ఆ వస్తువును కొద్దికొద్దిగా తినిపించి నిర్ణయించును. ఈ ప్రయోగమును ఇంటియొద్ద ఎవ్వరును చేయరాదు. ఏది మానవలయునో తేలిన పిమ్మట, ఏది మానవలసిన పనిలేదో కూడ అడిగి తెలిసికొనవలయును. అది సగము చికిత్స.

ఆపద వచ్చినపుడు చేయవలసినదానిని ఇచటనున్న ప్రతియొక్కరును కంఠస్థము చేయవలయునని ప్రార్థించుచున్నాను. తిన్న కొంతసేపటికి పెదవులు, నాలుక వాచుట, గొంతు బొంగురుపోవుట, పిల్లికూతలు, ఊపిరాడకుండుట, ఎడతెగని వాంతులు, కన్నులు తిరిగి సొమ్మసిల్లుట - వీనిలో ఏది కనబడినను అది అజీర్ణము కాదు. మజ్జిగ త్రాగించుచు, నిమ్మకాయ దిగదుడుచుచు కాలము గడుపరాదు. ఆ మనుష్యుని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచుడు. ఊపిరాడనిచో కూర్చుండనిండు, వాంతియగుచున్నచో ప్రక్కకు త్రిప్పుడు. నిలువబెట్టరాదు, నడిపింపరాదు. వెంటనే 108కి ఫోను చేయుడు. 2005 ఆగస్టునుండి తెలుగునాట నడుచుచున్న యీ సేవ పల్లెలకును అందుచున్నది.

దీనికి ప్రథమౌషధము అడ్రినలిన్ అను మందు. పెద్దవారికి సామాన్యముగా అర మిల్లీగ్రాము, తొడ వెలుపలికండలోనికి సూదిద్వారా ఇత్తురు. గుణము కనబడనిచో అయిదు నిమిషములకు మరల ఇత్తురు. మిగిలిన మందులన్నియు దీని తరువాతివే. పాశ్చాత్యదేశములలో రోగి స్వయముగా పొడుచుకొనదగిన, కలమువంటి సాధనమున ఈ మందు లభించును. మన పట్టణములలోని దుకాణములలో అది సులభముగా దొరకదు. ఇచట గాజుబుడ్డినుండి సిరంజిలోనికి తీసికొని ఇయ్యవలసియుండును. కావున తీవ్రమైన అలర్జీగల యువకుడు తన వైద్యునియొద్ద ఈ సంగతి ప్రస్తావించి, తనకును తనవారికిని ఏది నేర్పదగునో నేర్పుమని కోరవలయును. టీకాలువేయు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఇట్టి యాపదకై ఈ మందు నుంచుట పద్ధతి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి. మన తండ్రుల కాలమున లేని సౌకర్యము నేడు ఇంటిముంగిటికి వచ్చినది. వాడుకొనకపోవుట మన దోషమే యగును. మరియొక సంగతి: ఒకమారు తగ్గిన ప్రకోపము కొన్ని గంటలకు తిరుగబెట్టుట కలదు. వైద్యుడు ఆసుపత్రిలో ఉండుమన్నంతసేపు ఉండవలయును.

కొనితెచ్చు ఆహారమును గూర్చి చట్టము కొంత సాయము చేయుచున్నది. 2020 సంవత్సరపు కేంద్ర నియమావళి ననుసరించి, పొట్లములపై గోధుమవంటి గ్లూటెన్ ధాన్యములు, రొయ్యజాతి, పాలు, గ్రుడ్లు, చేపలు, పల్లీలు, బాదము జీడిపప్పు వంటి గింజలు, సోయా, హెచ్చుపాళ్లలో సల్ఫైటు ఉన్నచో ఆ సంగతి ముద్రింపవలయును. కాని ఆ పట్టికలో నువ్వుల పేరు లేదు. 2016లో ఇంగ్లండునకు చెందిన నటాషా అను పదునైదేండ్ల బాలిక, నువ్వులు కలిసినట్లు పొట్లముపై వ్రాయని రొట్టెను తిని, విమానప్రయాణమున వ్యాధిగ్రస్తురాలై మరణించెను. ఆమె తలిదండ్రుల పోరాటముచేత 2021 అక్టోబరునుండి ఆమె పేరిట నొక చట్టము అచట అమలునకు వచ్చెను. అమెరికాలో 2023 జనవరినుండి నువ్వుల పేరును ముద్రించుట విధియైనది. నువ్వులు మనకంటె ఎక్కువగా తిను ప్రాంతములు తక్కువ. కావున పొట్లమును నమ్మి ఊరకుండక, అడిగి తెలిసికొనుట అలవరచుకొనవలయును.

సోదరీమణులారా! ఇక మనసులు నొచ్చుకొనదగిన విషయమొకటి చెప్పక తప్పదు. మన కులసంఘము ముఖ్యముగా పూనుకొను కార్యములలో వివాహసంబంధములు కుదుర్చుట యొకటి. ఆడపిల్లకు ఇట్టి యలర్జీ యున్నచో, జబ్బుపిల్లయని సంబంధము తప్పిపోవునను భయముచే తలిదండ్రులు దానిని దాచుదురు. పిల్లకును "ఎవ్వరితోను చెప్పకు" అని బోధింతురు. పెండ్లియైన మూడవనాడు అత్తగారు ఆదరముతో కోడలి విస్తరిలో నువ్వులపొడి వడ్డించును. కొత్తకోడలు కాదనలేదు, చెప్పలేదు. ఆ యింట నెవ్వరికిని ఏమి జరుగుచున్నదో తెలియదు. దాచినవారు ఆ సమయమున అరువది మైళ్ల దూరమున నుందురు. ఇందులో అత్తగారి నేరమేమి? ఆమెకు తెలిసినచో పెట్టియుండునా? ఒక వస్తువును తినకుండుట తప్ప ఈ బిడ్డకు వేరు లోపము లేదు. ఆమె చదువుకొనవచ్చును, ఉద్యోగము చేయవచ్చును, కాపురము చేయవచ్చును, బిడ్డలను కనవచ్చును. దీనిని జబ్బుపిల్ల యనుట అజ్ఞానము. సంబంధము మాటలాడునపుడే ఈ సంగతి చెప్పుట మర్యాద. విని దానిని లోపముగా ఎంచకుండుట అంతకంటె గొప్పమర్యాద.

అట్లే మన అతిథిమర్యాదను కొంచెము దిద్దుకొనవలసియున్నది. కొసరికొసరి వడ్డించుట మన సంప్రదాయము. దానిని మానుమని నేననను. వద్దన్న వస్తువును మాత్రము రెండవసారి వడ్డింపవలదు. ప్రసాదమును కాదనరాదని భయపడు బిడ్డకు, దానిని కన్నులకద్దుకొని ప్రక్కవారికిచ్చిన దోషము లేదని పెద్దలే చెప్పవలయును.

తుదకు ఈ మహాసభవారికి నాలుగు మనవులు చేసి ముగించెదను. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టలు స్థాపింపబడిన నాటినుండియు కులసంఘములు విద్యార్థులకు కూడు, గూడు కల్పించుట గౌరవకార్యముగా నడుపుచున్నవి. ఆ కూడు నిరపాయమైనదిగా నుండవలయుననుటయే నా మనవి.

మొదటిది: వసతిగృహమున చేర్చుకొనునపుడు దరఖాస్తు కాగితమున "ఏ యాహారము పడదు? తిన్నచో ఏమగును?" అను రెండు ప్రశ్నలు చేర్చి, ఆ జాబితాను వంటశాల గోడపై నుంచవలయును.

రెండవది: మన విందులలో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు ఏయే వంటకములలో నున్నవో తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసిన చీటీలు గిన్నెలముందు నుంచవలయును. గరిటెలు మార్చి వాడరాదు. దీనికి ఖర్చు ఒక అట్ట, ఒక కలము.

మూడవది: ప్రతివార్షికోత్సవమునను ఒక గంటకాలము, వైద్యుని పిలిపించి, ఆపత్సమయమున చేయవలసినదానిని మన యువజనులచే చేయించి చూపవలయును.

నాలుగవది: సంఘమువారి వివాహపరిచయ పత్రములలో ఆరోగ్యవిషయము చెప్పినవారిని చులకన చేయరాదని పెద్దలు ఈ వేదికనుండియే ఒకమాట చెప్పవలయును. ఆ మాట పెద్దలనోట వెలువడనంతకాలము తక్కిన మూడును నిష్ప్రయోజనములగును.

యువజనులారా! మీతో కడపటిమాట. మీ తల్లి కంఠస్థము చేసినదానిని ఇకమీదట మీరు కంఠస్థము చేయుడు. సిగ్గుపడక చెప్పుడు. మీతో గదిలో నుండు ఇరువురు స్నేహితులకైనను మీ సంగతి, మీ మందున్న చోటు తెలిసియుండవలయును. "పడదు" అని చెప్పినవాడు పిరికివాడు కాడు.

కొద్దిసేపటికి మనమందరము భోజనపంక్తిలో కూర్చుండబోవుచున్నాము. మీ ప్రక్కవిస్తరిలో ఏ బిడ్డయైనను ఏదేని వస్తువును వద్దనినచో, "ఏల?" యని ఆదరముతో నడుగుడు, బలవంతము చేయకుడు. నా యుపన్యాసమునకు అంతకంటె ఫలము నేను కోరను.